రెండో నంబరు రిమోటు

మా అత్తగారు ఆ వస్తువుని ఎడం చేత్తో పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటమ్మాయ్, కాళ్ళు చాపుకుని పడుకున్న పీతలాగుంది!" అన్నారు.

ఆవిడ నర్సాపురం వైపు మనిషి. ఏ వస్తువుకైనా చేపతోనో పీతతోనో పోలిక తెస్తారు. కానీ ఈసారి పోలిక అచ్చంగా అతికింది. తెల్లటి ఒళ్ళు, నడుమ నల్లటి పట్టీ, కిందికి సాగిన రెండు కాళ్ళు, మధ్యలో గుడ్లు మిటకరించినట్టు రెండు బొడిపెలు. అది మా అబ్బాయి వీడియో గేమ్ కంట్రోలరు. టీవీ కింద పెట్టె పేరు ప్లేస్టేషన్ 5.

"ఆయ్, అది ఆటాడుకునేదండీ అత్తయ్యగారూ. ఇలా రెండు చేతులా పట్టుకోవాలి" అన్నాడు మా తమ్ముడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

పోయిన దీపావళి వెళ్ళిన వారానికి మా అత్తగారికి కుడివైపు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. కర్ర సాయంతో నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే పెట్టిన చోటే ఉండిపోతోంది. ఆవిడేమీ అనుకోలేదు. "ఓహో, రెండు చేతులున్నవాళ్ళ ఆటన్నమాట" అని దాన్ని మెల్లిగా బల్లమీద పెట్టేసి, వత్తులు చేసుకునే దూది దగ్గరికి జరిపించమన్నారు. ఒక్క చేత్తో ఆ వత్తులు ఎలా చేస్తారో చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి. ఆ సంగతి వదిలెయ్యండి.

వదిలెయ్యండి అన్నానే గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. సమయానికి మా తమ్ముడు వేసవి సెలవలకి పిల్లల్తో రాజమండ్రి వస్తూ తన ఎక్స్‌బాక్సు కూడా సంచీలో వేసుకొచ్చాడు. అటకమీద పాత సామాన్లలో మా చిన్నప్పటి వీడియో గేమ్ ఉండనే ఉంది. మధ్యాహ్నం మగపిల్లలు నిద్దరోతుంటే వాటన్నిటినీ వరసగా బల్లమీద పేర్చుకుని కూచున్నాను. మావారు చూసి, "కొత్త నవలకి సామగ్రా?" అన్నారు. "కాదు, విమర్శకి" అన్నాను.

నవలలు రాసుకునే దానికి ఈ గొడవెందుకని మీరూ అనుకోవచ్చు. నేను బి.ఏ. చదివిన మనిషిని. ఆ పెట్టెల లోపల ఏముందో నాకు తెలీదు. కానీ చేత్తో పట్టుకునే వస్తువు సంగతి మనకన్నా ఎవరికి బాగా తెలుసు చెప్పండి? అట్లకాడ పిడి వదులైతే ముందు తెలిసేది మనకి. కత్తిపీట ఎత్తు ఒక్క అంగుళం తక్కువైతే సాయంత్రానికి నడుం పట్టేసేది మనకి. నన్నడిగితే మంచి పిడికి ఒకటే లక్షణం. పట్టుకున్న రెండో నిమిషానికి దాని సంగతి మరిచిపోవాలి. చేతిలో ఉన్నంతసేపూ 'నేనున్నాను, నేనున్నాను' అని గుర్తుచేసే గరిటె ఎంత అందంగా ఉన్నా షోకేసులో పెట్టుకోవాల్సిందే.

అటకమీద పెట్టెతో మొదలుపెడతాను. ఎందుకంటే నా ఫిర్యాదు కూడా అక్కణ్ణించే మొదలు.

అది 1992. మేము తణుకులో ఉండేవాళ్ళం. మస్కట్‌లో పనిచేసే మా బాబాయి సంక్రాంతికి వస్తూ ఒక వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. జపాను నింటెండో వాళ్ళ పెట్టెకి చవక నకలు. నకలని అప్పుడు మాకేం తెలుసు! పసుప్పచ్చ కేసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది. లెక్కపెడితే పాతిక దాటవు, అవే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. పెట్టెకి రెండు తీగలు, తీగల చివర రెండు కంట్రోలర్లు. వాటిని మేము రిమోట్లు అనేవాళ్ళం. మొదటి నంబరు మా తమ్ముడిది. రెండో నంబరు నాది. ఎవరు పంచారో గుర్తులేదు. పంచేవాళ్ళు ఉండక్కర్లేదు కదా ఇలాంటివి, వాటంతటవే పంపకం అయిపోతాయి.

వస్తువుగా చూస్తే అది సబ్బుపెట్టె మూతలాంటి పలక. నాలుగు మూలలూ అరచేతిలో గుచ్చుకునేవి. గంట ఆడితే బొటనవేళ్ళ కిందిభాగంలో ఎర్రటి గీతలు పడేవి. తీగ పొట్టిది కావడంతో టీవీకి మరీ దగ్గరగా, మెడ పైకెత్తుకుని కూచోవాలి. ఇంత తిట్టాక ఒక మంచిమాట కూడా చెప్పాలి. దాని ఎడంపక్కన కూడిక గుర్తులా ఒక మీట ఉండేది. అటు నొక్కితే అటు, ఇటు నొక్కితే ఇటు. అది మాత్రం గొప్ప వస్తువండీ. అంతకు ముందు ఈ ఆటలకి కర్రలాంటి జాయ్‌స్టిక్కులు ఉండేవి. 1977లో అమెరికాలో వచ్చిన అటారీ పెట్టెది అలాంటిదే. నల్లటి డబ్బా, నిలువుగా ఒక కర్ర, మూలన ఒకే ఒక్క ఎర్ర మీట. ఆ కర్రని కుడిచేత్తో పట్టుకుని ఊపాలి. నింటెండోలో గుంపెయ్ యొకోయ్ అనే ఆయన 1982లో, జేబులో పట్టే మడత ఆటకోసం ఈ కూడిక గుర్తు మీటని తెచ్చాడు. మూత మూసేస్తే కర్ర అడ్డం వస్తుంది, అందుకని చదునుగా ఉండాలి. వేలు చూడకుండానే దాని అంచు తెలుసుకుంటుంది. ముగ్గు పెట్టేటప్పుడు పిండి ఎంత జారుతోందో వేళ్ళకి తెలిసిపోతుంది చూడండి, అలాగన్నమాట. ఆ మీట పుణ్యమా అని మరో సంగతి కూడా జరిగింది. అప్పటిదాకా పట్టుకుని ఊరుకునే ఎడంచేతికి నడిపించే పని వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మా అత్తగారి దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు ఫిర్యాదు. మా తమ్ముడి రిమోటు మధ్యలో రెండు చిన్న రబ్బరు మీటలు ఉండేవి. ఒకటి ఆట ఎంచుకోవడానికి, ఇంకొకటి మొదలుపెట్టడానికి. ఆడుతూ ఆడుతూ ఆపాలన్నా ఆ రెండోదే నొక్కాలి. నా రిమోటులో ఆ చోటు నున్నగా ఉండేది. మీటలు లేవు! చెరిగిపోవడం, ఊడిపోవడం కాదు, అసలు పెట్టలేదు.

నలభై ఏళ్ళు దాటాక తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, పన్నెండేళ్ళప్పుడు నవ్వు రాలేదు. ఇద్దరూ తుపాకులు పట్టుకుని పక్కపక్కన పరిగెత్తే కాంట్రా అనే ఆట ఉండేది. మంచి రసపట్టులో వంటింట్లోంచి అమ్మ పిలిచేది. పిలిచేది నన్నే, వాణ్ణి కాదు. "ఒరేయ్, కాసేపు ఆపరా" అనేదాన్ని. "ఇదొక్కటీ అయిపోనీ అక్కా" అనేవాడు. నేను వెళ్ళి కుళాయి దగ్గర బిందె ఎత్తి వచ్చేసరికి నా మనిషి చచ్చి పడుండేవాడు. ఆట వాడి ఇష్టం వచ్చినప్పుడు మొదలు, వాడి ఇష్టం వచ్చినప్పుడు ఆఖరు. వాడు దుర్మార్గుడేం కాదు పాపం, చాక్లెట్టు కూడా సగం ఇచ్చేవాడు. రిమోటే అలా ఉంది.

చవక నకలు కాబట్టి ఖర్చు కలిసొస్తుందని మీటలు ఎగ్గొట్టారని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ మధ్య చదివితే తెలిసింది, అసలు సరుకే అంత. నింటెండో వాళ్ళు 1983 జూలైలో జపానులో విడుదల చేసిన పెట్టెకి కూడా రెండు కంట్రోలర్లు తీగలతో అతికించే ఉండేవి. రెండోదానికి మొదలుపెట్టే మీట లేదు. దానికి బదులు ఏం పెట్టారో తెలుసా? చిన్న మైకు! అంటే రెండో మనిషి కావలిస్తే అరుచుకోవచ్చు, ఆట ఆపడానికి మాత్రం లేదు. ఇది చదివి ఒక్కదాన్నే కూచుని పడీ పడీ నవ్వాను. మా నకలులో ఆ మైకు కూడా లేదు లెండి. 1985లో అదే కంపెనీ అదే సరుకుని రూపు మార్చి అమెరికాకి పంపినప్పుడు రెండు కంట్రోలర్లూ ఒకేలా ఉన్నాయి, రెండింటికీ అన్ని మీటలూ ఉన్నాయి. అంటే రెండు చిన్న రబ్బరు ముక్కలు పెట్టడం కష్టమేమీ కాదన్నమాట.

మరోమాట. ఆ జపాను పెట్టెలో మొదట్లో మీటలు చతురస్రంగా, మెత్తటి రబ్బరుతో ఉండేవి. నొక్కితే లోపలికెళ్ళి చిక్కుకుపోయేవట. తర్వాత గుండ్రటి ప్లాస్టిక్కు మీటలు చేశారు. వంటింటి వస్తువుల్లో మూలలెందుకు ఉండకూడదో ఏ ఇల్లాలినడిగినా చెప్పేది కదా!

1990లో వచ్చిన సూపర్ ఫామికామ్ అనే దానికి రెండు చివర్లూ గుండ్రంగా అరగదీశారు, భుజాల మీద చూపుడువేళ్ళకి కూడా మీటలు ఇచ్చారు. అది నేను పట్టుకోలేదు, బొమ్మల్లో చూడ్డమే. నా చేతికి తెలిసిన తర్వాతి మెట్టు ప్లేస్టేషను. 2000 ప్రాంతాల్లో మా తమ్ముడు రాజమండ్రిలో చదువుకునేటప్పుడు గంటకింత అని తీసుకుని ఆడించే చీకటి గదులు వెలిశాయి. పరీక్షల ముందు వాణ్ణి అలాంటి గదిలోంచి లాక్కురావడానికి వెళ్ళాను. "ఒక్కసారి పట్టుకుని చూడక్కా, అప్పుడు తిట్టు" అని చేతిలో పెట్టాడు. తిట్టలేకపోయాను.

1994లో వచ్చిన ఆ ప్లేస్టేషను కంట్రోలరుని తెయ్యూ గోటో అనే ఆయన రూపొందించాడు. పలకకి కిందివైపు రెండు కొమ్ములు మొలిపించాడు, అంతే. కానీ ఆ కొమ్ములు అరచేతి గుంటలో పడేసరికి తక్కిన వేళ్ళకి పట్టుకునే పని తప్పింది. మూడు వేళ్ళు కొమ్ముని చుట్టుకుంటాయి, బొటనవేలూ చూపుడువేలూ స్వేచ్ఛగా తిరుగుతాయి. చంటిపిల్లని చంకనెత్తుకున్నప్పుడు నడుమే బరువు మోసి చేతులు ఖాళీ అవుతాయే, అదీ కిటుకు. 1997లో దీనికి రెండు చిన్న పుల్లలూ, దెబ్బ తగిలితే వణికే మోటార్లూ చేరాయి. నేను పట్టుకున్నది అదే. బండి గోడకి గుద్దుకోగానే నా చేతి గాజులు గలగలమన్నాయి. గదిలో ఉన్న మగపిల్లలందరూ తిరిగి చూశారు. గాజులేసుకున్న చెయ్యి ఆ గదిలోకి అదే మొదటిసారి రావడం కాబోలు.

మీటల మీద అక్షరాలకి బదులు బొమ్మలు పెట్టడం కూడా ఆయన ఆలోచనే. త్రికోణం అంటే చూపు, చతురస్రం అంటే కాయితం, సున్నా అంటే అవును, ఇంటు అంటే కాదు. చక్కగా ఉంది కదూ? పంతులమ్మ పెట్టే ఇంటు మార్కు చూసి పెరిగిన మనకి వివరణ కూడా అక్కర్లేదు. తీరా అమెరికా, ఐరోపాలకి వెళ్ళేసరికి ఆటలవాళ్ళు ఇంటుని 'అవును' చేసేశారు! మనకొచ్చిందీ ఆ పద్ధతే. 2020లో ప్లేస్టేషన్ 5 తో జపానులో కూడా ఇంటునే అవునుగా మార్చేశారు. మా ఇంట్లో నేను ఇప్పటికీ పొరపాటు పడతాను. 'నిజంగా చెరిపెయ్యమంటారా?' అని టీవీ అడిగితే, వద్దురా బాబూ అని ఇంటు నొక్కుతాను, చెరిగిపోతుంది. మా అబ్బాయి రెండు వారాల ఆట అలాగే పోయింది. వాడు నాతో ఒకపూట మాట్లాడలేదు. నా తప్పెలా అవుతుందో మీరే చెప్పండి.

ఇంక ఎక్స్‌బాక్సు. 2001లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు మొదటిసారి ఈ వ్యాపారంలోకి దిగినప్పుడు చేసిన కంట్రోలరు ఇంచుమించు మన దిబ్బరొట్టంత ఉండేది. దాన్ని జనం ముద్దుగా డ్యూక్ అనేవారు. జపాను వాళ్ళ చేతులు చిన్నవి కదా అని అక్కడికి వేరే చిన్నది చేశారు. తర్వాత చూస్తే అమెరికాలోనూ ఆ చిన్నదే కావాలన్నారు. ఏడాది తిరక్కుండా అక్కడా అదే ఖాయమైంది. అంటే అమెరికాలో కూడా చిన్న చేతులవాళ్ళు ఉన్నారన్నమాట! ఎవరి చెయ్యి కొలిచి ఆ మొదటిది చేశారో గానీ, దాన్ని పట్టుకోలేక ఎంతమంది 'నా వేళ్ళే పొట్టివి' అనుకుని ఉంటారో! జాకెట్టు బిగుతైతే దర్జీని కాక మనల్ని మనం తిట్టుకుంటామే, అలా.

మా తమ్ముడు తెచ్చింది 2020 నాటిది. దీనికి మాత్రం బుద్ధిగా కొలతలు తీశారు. ఎనిమిదేళ్ళ పిల్లల చేతికి కూడా ఇమిడేలా కాస్త తగ్గించి చూశామనీ, అలా చేసినందువల్ల పెద్దచేతుల వాళ్ళకేమీ ఇబ్బంది రాలేదనీ ఆ కంపెనీవాళ్ళే చెప్పారు. నా చెయ్యి మా తరగతిలో అందరికన్నా చిన్నది. గాజుల కొట్లో చిన్నపిల్లల గాజులు తీసి చూపిస్తారు. ఆ చేత్తో పట్టుకుంటే ఇది చక్కగా ఇమిడింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పమంటారా? ఎక్స్‌బాక్సుకి ఎడమ పుల్ల పైన ఉంటుంది, ఎడమ బొటనవేలు సహజంగా ఎక్కడ వాలుతుందో అక్కడ. ప్లేస్టేషనుకి రెండు పుల్లలూ కింద మధ్యలోకి ఉంటాయి. చూడ్డానికి పొందిగ్గా ఉంటాయి, కానీ నాలాంటి పొట్టివేలు లోపలికి సాగాలి. అరగంటకి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. పాతికేళ్ళుగా కలం పట్టిన వేలు, దానికి నొప్పి సంగతి తొందరగా తెలుస్తుంది. కూర్చోబెట్టి ఓటెయ్యమంటే ఒంటి సుఖానికి నా ఓటు ఎక్స్‌బాక్సుకే.

అయితే ప్లేస్టేషన్ 5 కంట్రోలరు దగ్గర మరో విద్య ఉంది. చూపుడువేళ్ళ కింది మీట ఆటనిబట్టి బరువెక్కుతుంది. విల్లు లాగుతుంటే బిగుసుకుంటుంది. బావిలో చేద నిండగానే తాడు బరువు చేతికి తెలుస్తుంది చూడండి, సరిగ్గా అదే. పల్లెటూళ్ళో నీళ్ళు తోడిన చేతులకి ఇదేం కొత్త కాదని మా అబ్బాయికి చెప్తే వాడికి బావే తెలీదు. దాని వెనక భాగం గరుగ్గా ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఆ గరుకంతా వేలకొద్దీ బుల్లి బుల్లి త్రికోణాలూ, సున్నాలూ, ఇంటులూ! జంతికలు తిన్న నూనెచేతుల్తో పట్టుకున్నా జారదు. బరువు పావుకిలో పైనే, రెండింటిదీ. ఎక్స్‌బాక్సుకి రెండు పెన్సిలు సెల్లులు కావాలి. మా ఇంట్లో గోడగడియారం వారంరోజులుగా ఎందుకు ఆగిపోయిందో అప్పుడు తెలిసింది. ఈ లెక్కన గృహిణిగా నా ఓటు మళ్ళీ ప్లేస్టేషనుకి మారుతోంది. విమర్శకురాలికి ఇంత చపలచిత్తం ఉండకూడదు గానీ, గడియారం లేని ఇల్లు మీకు తెలీదు.

ఇన్ని చూశానా, అన్నిటికీ ఒకటే షరతు. రెండు చేతులుండాలి, పది వేళ్ళూ మాట వినాలి.

మా అత్తగారి చేతుల గురించి కొంచెం చెప్పాలి. నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతారని మీకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. సముద్రాలు దాటి వెళ్ళే ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1982లో మరియా మీస్ అనే జర్మను పండితురాలు ఈ లేసు స్త్రీల మీద ఒక పుస్తకం రాసింది. వీళ్ళు రోజుకి గంటలకొద్దీ పనిచేసినా, 'ఇంట్లో ఖాళీగా కూచుని ఏదో అల్లుకుంటారు' అనే అందరూ అనుకుంటారని అందులో చెప్పింది. మా అత్తగారు పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కూడా అలా ఖాళీగా కూచునే ఇద్దరాడపడుచుల పెళ్ళిళ్ళకి సాయపడ్డారు.

"సూది సన్నగా ఇనప పుల్లలా ఉండేదమ్మాయ్. పొద్దుణ్ణించీ పట్టుకుంటే వేలు కొయ్యబారిపోయేది. సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టుకునేదాన్ని. నన్ను చూసి మా వీధంతా చుట్టుకున్నారు" అన్నారు, నేను బల్లమీద సామాను సర్దుతుంటే. గోటో గారూ యొకోయ్ గారూ చేసిన పనే ఇదీనూ. సైకిలు ట్యూబుకి పేరు రాలేదు, అంతే తేడా.

"మరి ఎడంచెయ్యి ఏం చేసేదండీ అత్తయ్యగారూ?"

"అదేం చేస్తుందీ, దారం పట్టుకునేది. యాభై ఏళ్ళు పట్టుకుందే గానీ ఒక్కనాడు సూది ముట్టలేదు."

అప్పుడు తట్టింది నాకు. ఈ ఆటల్లో మనిషిని నడిపించేది ఎడమ బొటనవేలు కదా!

ఆ రాత్రి మా తమ్ముడితో కూచుని సంగతులు లాగాను. 2018లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు చేతులు సరిగా ఆడనివాళ్ళ కోసమే ఒక కంట్రోలరు తెచ్చారట. చదునైన పలక మీద అరచేత్తో కొట్టేంత పెద్దవి రెండు గుండ్రటి మీటలు. వెనక వరసగా 19 రంధ్రాలు. ఎవరికి ఏ అవయవం ఆడితే దానికి తగ్గ మీట, కాలితో తొక్కేదో మోచేత్తో నొక్కేదో, అక్కడ గుచ్చుకోవచ్చు. దాన్ని పంపే అట్టపెట్టెని కూడా పళ్ళతో లాగక్కర్లేకుండా తెరుచుకునేలా చేశారు. ఈ అట్టపెట్టె సంగతి వినగానే నాకు ఆ చేసినవాళ్ళ మీద గౌరవం కలిగింది. ఒక్కచేత్తో మందుల అట్ట చించడానికి మా అత్తగారు పడే పాట్లు రోజూ చూస్తున్నదాన్ని కదా. ఆ కంపెనీని 2014 నుంచీ నడిపిస్తున్న సత్య నాదెళ్ళ మన హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. వారి అబ్బాయి జైన్ పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీతో ఉండి, 2022లో పోయాడు. ఆ బిడ్డని పెంచడం తనకేం నేర్పిందో ఆయన 2017లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నారు. దానికీ దీనికీ నేను ముడిపెట్టడం లేదు, ఆ కంట్రోలరుకి మూలం అక్కడి ఉద్యోగుల్లో కొందరి ఆలోచన. కానీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే అట్టపెట్టె కూడా వేరేలా కనిపిస్తుందని మాత్రం నాకు తెలుసు. ప్లేస్టేషను వాళ్ళు కూడా 2023లో ఇలాంటిదే, గుండ్రంగా పళ్ళెంలా ఉండేది, ఒకటి తెచ్చారు.

అవి మా ఇంట్లో లేవు. కొనే ఆలోచన కూడా రాలేదు, ఎందుకంటే మా తమ్ముడు అంతకన్నా సులువైన మార్గం చెప్పాడు. ఒకే మనిషిని రెండు కంట్రోలర్లతో ఇద్దరు నడిపించవచ్చట. ఎక్స్‌బాక్సులో ఈ సదుపాయం 2017 నుంచే ఉంది, ప్లేస్టేషన్ 5 లో 2023లో వచ్చింది. ఒకరు నడిపిస్తే ఒకరు మీటలు నొక్కుతారు. టీవీకి మాత్రం ఒక్కరే ఆడుతున్నట్టు.

"అంటే నేను పక్కన ఊరికే కూచోవడమా?" అన్నారు మా అత్తగారు అనుమానంగా.

"కాదు మామ్మా. స్టీరింగు నీదే. గ్యాసూ బ్రేకూ నావి" అన్నాడు మా అబ్బాయి.

మొదట కుదర్లేదు. ఒక్కచేత్తో పట్టుకుంటే ఆ పావుకిలో పీత ఒకపక్కకి ఒరిగిపోయేది. ఆవిడే తలగడ ఒళ్ళో పెట్టించుకుని, దానిమీద తువ్వాలు చుట్ట చుట్టించి, పచ్చడిజాడీకి కుదురు పెట్టినట్టు కంట్రోలరుకి కుదురు పెట్టారు. సైకిలు ట్యూబు బుర్ర ఎక్కడికి పోతుంది! ఎడమ బొటనవేలు పుల్లమీద ఆన్చారు. మొదటిరోజు కారు రోడ్డుమీద కన్నా పొలాల్లో ఎక్కువ తిరిగింది. "మామ్మా, మనల్ని గోదాట్లో పడేస్తున్నావు!" అని మా వాడు కేకలు. "నువ్వు బ్రేకు తొక్కవేంరా మరి?" అని ఆవిడ. మూడోరోజుకి మలుపులు తిరుగుతోంది కారు. నాలుగోరోజు గోడకి గుద్దుకున్నప్పుడు వణుకు వచ్చింది కదా, ఆవిడ ఒళ్ళో ఉన్న కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఆ కంట్రోలరు మీద పెట్టుకుని, "మళ్ళీ గుద్దరా" అన్నారు. తెలుస్తోందా అని నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఆఖరి చుట్టు. మా వాళ్ళ కారు రెండో స్థానంలో ఉంది, ముందు కారు కూతవేటు దూరంలో ఉంది. మా తమ్ముడి పిల్లలు మంచమెక్కి గెంతుతున్నారు. ఉన్నట్టుండి టీవీలో బొమ్మ బిగుసుకుపోయింది.

"ఎవరాపారు?" అని మా అబ్బాయి గావుకేక పెట్టాడు. వాడి వేళ్ళు వాడి మీటల మీదే ఉన్నాయి. నేను తలగడ వైపు చూశాను. రెండో నంబరు కంట్రోలరు మీద, కుడివైపు మూలనుండే సన్నటి మీట దాకా సాగి ఉంది మా అత్తగారి ఎడమ చూపుడువేలు.

"నేనేరా. మీ అమ్మ కాఫీ తెచ్చి అయిదు నిమిషాలైంది, చల్లారిపోతోంది" అన్నారావిడ. తీరిగ్గా తాగారు. మా తమ్ముడు నా వైపు చూసి చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.